అమ్మీ పురుళ్ళ పుస్తకం

9 జూలై 1998, గురువారం

సాయంత్రం మగ్రిబ్ నమాజు వేళ కరెంటు పోయింది. వెంటనే వచ్చింది.

తమ్ముడు జమీర్ మసీదు నుంచి వచ్చేసరికి కంప్యూటర్ తెర నల్లగా ఉంది. దాని మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు రెండు వరుసలు. అప్పటి నుంచి దాని ముందే కూర్చున్నాడు. కుల్సుం రెండుసార్లు అన్నానికి పిలిచింది. లేవలేదు.

మూడో తరగతి పేపర్లు దిద్దాను. ఎక్కాలు ఎవరికీ రావడం లేదు.

10 జూలై, శుక్రవారం

కంప్యూటర్ నడుస్తోంది గాని, అందులో జమీర్ తన పనంతా దాచుకునే రెండో డిస్కు కనబడటం లేదట. అచ్చుకు చేసిచ్చే పెళ్ళి కార్డులు పోతే పోయాయి, మళ్ళీ చేసుకుంటాడు. అమ్మీ పురుళ్ళ పుస్తకం కూడా అందులోనే ఉంది.

రెండేళ్ళు చేశారు మొగుడూ పెళ్ళాలు. రాత్రి భోజనాలయ్యాక కుల్సుం చదివేది, జమీర్ టైపు కొట్టేవాడు. రెండువేల మూడు వందల చిల్లర పురుళ్ళు. ఎల్లారెడ్డిలో, చుట్టుపక్కల ఊళ్ళలో మంత్రసానిగా మా అమ్మీ చేతుల మీద పుట్టిన వాళ్ళందరూ.

మధ్యాహ్నం జుమా నమాజుకు పోయేముందు అడిగాడు, నిన్న కరెంటు పోయిందా ఆపా అని. తల ఊపాను.

11 జూలై, శనివారం

అసలు పుస్తకం ఉంటే ఇంత బాధ లేదు.

అమ్మీకి చదువు రాదు. పురుడు పోసి ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, నన్ను కూర్చోబెట్టి చెప్పేది. నేను రాసేదాన్ని. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఎల్లారెడ్డిలో ఆడపిల్లలకు ఉన్నది తెలుగు బడే కాబట్టి తెలుగులో రాశాను. ప్రతి పేజీ పైనా అల్లా పేరుతో బిస్మిల్లా రాయించేది. ఆ తర్వాత ఏ ఊరు, ఎవరి ఇల్లు, ఆడా మగా. చివర ఎట్లా ఏడ్చిందో. అది తప్పనిసరి. గట్టిగా. ఆలస్యంగా. పిల్లికూన మాదిరి. కాళ్ళు పట్టి తడితే. బిడ్డ మొదటి మాట అదే, రాయకపోతే ఎట్లా అనేది.

నా టీచరు ఉద్యోగంతో కామారెడ్డి వచ్చేటప్పుడు పుస్తకాలు ట్రంకులో తెచ్చుకున్నాం. చెదలు పట్టాయి. కంప్యూటర్‌లో ఎక్కించడం మార్చిలో అయిపోయింది. అప్పటికే కాగితాలు ముట్టుకుంటే రాలుతున్నాయి. బిస్మిల్లా ఉన్న ముక్కలు నేల మీద కాళ్ళ కింద పడుతుంటే నాకు నిద్ర పట్టేది కాదు. అట్లాంటి కాగితాలు చెత్తలో వెయ్యం, కాల్చం. తెల్లగుడ్డలో కట్టి, రాయి పెట్టి, నిజాంసాగర్ కాలువలో వదిలి వచ్చాను. జమీర్ కొన్నాళ్ళు ఆగమన్నాడు, ఊళ్ళవారీగా సర్ది అచ్చు తీసినాక వదులుదామన్నాడు. నేనే తొందరపడ్డాను.

నాగుల పంచమికి ఎల్లారెడ్డి నుంచి పెద్దవ్వ వస్తుంది, పుస్తకంలో తన వరుస చదివించుకోవడానికి. ఇంకా పదిహేడు రోజులు.

12 జూలై, ఆదివారం

మార్కండేయ గారు వచ్చి చూశారు. స్టేషన్ రోడ్డులో టైపు ఇన్‌స్టిట్యూట్ నడుపుతారు. ఇప్పుడు అందులో సగం కంప్యూటర్లు. యాభై దాటిన మనిషి. కంప్యూటర్ని కూడా పాత టైపు మిషన్ మాదిరిగా, ముందు చెవి పెట్టి విన్నాక గాని ముట్టరు.

నాకు అర్థమయ్యేట్టు చెప్పమన్నాను. చెప్పారు. జమీర్ కంప్యూటర్‌లో డిస్కు చిన్నది. స్థలం చాలక, దాని లోపలే ఇంకొక డిస్కు కట్టుకున్నాడు. అది నిజం డిస్కు కాదు, ఒకే ఒక్క పెద్ద ఫైలు. కంప్యూటర్ మాత్రం దాన్ని డిస్కనే నమ్ముతుంది. గోనెసంచిలో చిన్న చిన్న పొట్లాలు కుక్కి, ఏది ఎక్కడుందో ఒక చీటీ మీద రాసి పెట్టినట్టు. గురువారం సాయంత్రం అసర్ నమాజు తర్వాత జమీర్ ఆ పొట్లాలు సర్దే పని కంప్యూటర్‌కు అప్పజెప్పాడు. మూడు గంటల పని. మధ్యలో ఆపొద్దని తెర మీదే రాసి ఉంటుందట. కుల్సుంను చూస్తుండమని చెప్పి మగ్రిబ్‌కు పోయాడు. సగంలో ఆగింది. పొట్లాలు అటూ ఇటూ పడ్డాయి, చీటీ చినిగింది.

పొట్లాలు ఉన్నాయా అని అడిగాను. సంచిలోనే ఉంటాయి టీచరమ్మా, ఏది ఏదో తెల్వదు అన్నారు. ఫ్లాపీల మీద ఇంకో కాపీ తీసుకొమ్మని జమీర్‌కు ఆయన సంక్రాంతి సెలవుల్లోనే చెప్పారట. జమీర్ నేల చూశాడు.

కంప్యూటర్ని దుప్పట్లో చుట్టి ఆటోలో తీసుకుపోయారు. టేబుల్ మీద దుమ్ము లేని చోటు నలుచదరంగా మిగిలింది.

13 జూలై, సోమవారం

కరెంటోళ్ళను తిడుతూ జమీర్ గేటు దగ్గర నిలబడ్డాడు. పక్కింటి ప్రమీలమ్మ గోడ మీంచి విన్నది. గురువారమా, ఆ దినం పోలేదే, నేను సీరియల్ ఆఖరుదాక చూసిన అన్నది.

జమీర్ లోపలికొచ్చాడు. వంటింటి గడప దగ్గర నిలబడి అడిగాడు, మగ్రిబ్‌కు ముందు మిక్సీ పెట్టినవా అని. కొత్తిమీర చట్నీకి పెట్టిన, అజాన్ కాకముందే ఆపిన అన్నది కుల్సుం. అది పెడితే వోల్టేజీ పడుతదని ఎన్నిసార్లు చెప్పిన అన్నాడు. ఆమె పొయ్యి దిక్కు తిరిగింది. నేను గదిలో తస్బీ పూసలు తిప్పుతున్నాను.

వోల్టేజీ పడి ఉండవచ్చు.

14 జూలై, మంగళవారం

రాత్రి ఇషా నమాజులో ఎన్ని రకాతులు చదివానో మరిచాను. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ మరిచాను.

16 జూలై, గురువారం

జమీర్ మిక్సీ తీసి బీరువా మీద పెట్టాడు. కుల్సుం రోట్లో నూరుతోంది. జమీర్ ఆమెతో మాట్లాడటం లేదు. నీళ్ళు కావాలంటే నా వైపు చూసి అడుగుతాడు. ఆమె తెచ్చి నా ముందు పెడుతుంది. నేను జరుపుతాను.

చట్నీ బాగుందన్నాను. తల వంచుకుని ఊఁ అన్నది.

17 జూలై, శుక్రవారం

మార్కండేయ గారి కబురు. డిస్కును ఉన్నదున్నట్టు ఇంకో డిస్కు మీదికి దించుకుని, అసలుదాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారట. పని అంతా నకలు మీదనే. బాగుచేసే ప్రోగ్రాము నడిపితే నాలుగు వందల పన్నెండు ముక్కలు బయటపడ్డాయి. పేర్లు లేవు, అంకెలే. ఏ ముక్క దేని తర్వాతదో తెలిసినవాళ్ళు పక్కన కూర్చోవాలన్నారు.

జమీర్ ఇంట్లో కంప్యూటర్ లేక గంజ్‌లో ఒక ప్రెస్సుకు రోజు కూలికి పోతున్నాడు. కుల్సుంను పంపమంటే, వద్దు, ఆమె చేసిన కాడికి చాలు అన్నాడు.

రాసినదాన్ని నేనే కదా, నేను పోతాను అన్నాను.

18 జూలై, శనివారం

బడి వదిలాక ఇన్‌స్టిట్యూట్‌కు. ముందు గదిలో పది టైపు మిషన్లు, వెనక గదిలో కంప్యూటర్లు. అసర్ చదువుకోవడానికి స్టేషనరీ బీరువా పక్కన చోటు ఊడిపించి పెట్టారు మార్కండేయ గారు. పడమర ఏ దిక్కో కూడా ముందే చూసి పెట్టుకున్నారు.

ముక్క తెరిస్తే మొదట ఏవో ఇంగ్లీషు అక్షరాలు, గీతలు, చుక్కలు. ఆయన తెలుగు అచ్చు తగిలిస్తారు. అప్పుడు నా మాటలు కనబడతాయి. కొన్ని ముక్కలు సగం వాక్యంతో మొదలవుతాయి.

‘…న్న కోడలు. ఆడ. ఆలస్యంగా ఏడ్చింది. అమ్మీ నోట్లో నోరు పెట్టి ఊదింది.’

ఇది తాడ్వాయి అన్నాను. ఎట్ల తెలిసిందమ్మా అన్నారు. ఆ రోజు ఎడ్లబండిలో నేనూ పోయాను. దారిలో బండి చక్రం ఊడింది.

ఈ రోజు పదకొండు ముక్కలు.

19 జూలై, ఆదివారం

పదహారు.

20 జూలై, సోమవారం

పందొమ్మిది. కొన్ని ముక్కల్లో పెళ్ళి కార్డులూ పురుళ్ళూ కలిసిపోయాయి. ‘శుభముహూర్తమున’ అని మొదలై ‘కాళ్ళు ముందొచ్చినయి’ అని ఉంది ఒకటి. మార్కండేయ గారు చాలాసేపు నవ్వారు. ఆ కార్డు గట్లనే అచ్చేసి పంచాల్సింది టీచరమ్మా, ఎవరన్న చదువుతరా ఏంది, భోజనాల టైము చూస్తరు గంతే అన్నారు. నాకూ నవ్వొచ్చింది. ఇంటికొచ్చి కుల్సుంకు చెబుదామనుకున్నాను. ఆమె రోటి దగ్గర ఉంది. చెప్పలేదు.

పెద్దవ్వ వరుస ఇంకా రాలేదు.

21 జూలై, మంగళవారం

పెద్దవ్వది 1961. నాకు పద్దెనిమిదేళ్ళు. నాగుల పంచమి తెల్లవారుజామున కవలలు. మొదట పుట్టినవాడు సిద్దిరాములు, ఇప్పుడు ఎల్లారెడ్డిలో ట్రాక్టరు నడుపుతాడు. రెండోది ఆడపిల్ల. పొద్దెక్కక ముందే పోయింది. పేరు పెట్టలేదు. రేషను కార్డులో లేదు, బడి రిజిస్టరులో లేదు, ఎవరి నోట్లోనూ లేదు. ఉన్నది అమ్మీ పుస్తకంలో ఒక్క వరుస.

పెద్దవ్వ ఏటా పంచమి నాడు పుట్టకు పాలు పోసి, పేలాలు మూటగట్టుకుని వస్తుంది. అమ్మీ ఉన్నన్నాళ్ళూ ఎల్లారెడ్డిలో మా ఇంటికి. తర్వాత బస్సెక్కి ఇక్కడికి. ఆ వరుస చదివించుకుంటుంది. వింటుంది. లేచి పోతుంది. చాయ్ కూడా తాగదు.

22 జూలై, బుధవారం

ఆరున్నరకు మార్కండేయ గారు బాగుచేసే ప్రోగ్రాము ఇంకొక విడత నడిపారు. మొదటిసారి దొరకనివి దీంట్లో దొరకవచ్చన్నారు. గంటన్నర పడుతుంది, నేను ముక్కల కాగితం మీద గుర్తులు పెట్టుకుంటూ కూర్చున్నాను. తెర మీద నీలం పట్టీ కొంచెం కొంచెంగా జరుగుతోంది.

మగ్రిబ్ అజాన్ మొదలయింది.

నేను కొంగు తల మీదికి లాక్కున్నాను. తర్వాత చూస్తే నా కుడిచెయ్యి గోడ మీది స్విచ్చు బోర్డు దగ్గర ఉంది. బటన్‌కూ నా వేళ్ళకూ మధ్య ఒక టైపు పుస్తకం అడ్డంగా ఉంది. మార్కండేయ గారు పెట్టారు.

ఆయన కంగారుపడలేదు. అజాన్ అయ్యేదాకా పుస్తకం అట్లాగే పట్టుకున్నారు. అయ్యాక మెల్లగా అడిగారు.

“ఆ దినం గూడ గిట్లనే అయిందా, టీచరమ్మా?”

సంచి తీసుకుని వచ్చేశాను. మగ్రిబ్ ఇంట్లో చదివాను. చదివానని రాస్తున్నాను గాని, వంగి లేచాను, అంతే.

23 జూలై, గురువారం

ఆ గురువారం కరెంటు పోలేదు.

రాసిన తర్వాత ఈ పుట మూసి పెట్టాను. మళ్ళీ తెరిచాను. ఉన్నది ఉన్నట్టు రాయాలి.

నాన్న, మా అబ్బా, ఉన్నప్పటి నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి. అజాన్ వినబడితే ఇంట్లో ఇంకే చప్పుడూ ఉండకూడదు. రేడియో ఆపాలి, కుట్టుమిషన్ ఆపాలి, రోకలి ఆపాలి. పిలిచేవాడు పిలుస్తుంటే మనం మాట్లాడతామా అనేవాడు. పెద్దదాన్ని కాబట్టి ఆపే పని నాది. నలభై అయిదేళ్ళుగా నా చెయ్యి నన్ను అడగకుండానే చేస్తోంది. కంప్యూటర్ జుయ్యిమని మోగుతోంది. నేను పోయి బోర్డు మీద బటన్ నొక్కాను. అజాన్ అయ్యింది, దువా చదివాను, మళ్ళీ బటన్ వేశాను. రేడియోకు వేసినట్టే.

జమీర్ వచ్చి తెర చూసి, తల పట్టుకున్నాక గాని నాకు తెలియలేదు. తెలిసింది. తెలిసిన తర్వాతే, మర్నాడు జమీర్ అడిగితే తల ఊపాను.

ఆ రాత్రి ఇక్కడ మొదటి వరుస కరెంటు పోయిందని రాశాను. ఈ డైరీ నేను తప్ప ఎవరూ చదవరు. అయినా అట్లా రాశాను.

24 జూలై, శుక్రవారం

జమీర్ జుమాకు పోయాడు. నేను బడికి సగంరోజు సెలవు పెట్టాను. కుల్సుం పెరట్లో బియ్యం చెరుగుతోంది. ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. ఆమె చేట ఆపలేదు.

చెప్పాను. మిక్సీ కాదు, నేనే బటన్ ఆపాను అని.

చేట ఆగింది.

“నాకెరుక ఆపా. నేను కొత్తిమీర కాడలు పారేద్దామని గడపలకు వచ్చిన. మీ చెయ్యి బోర్డు మీదుండె.”

“మరి జమీర్ అన్ని మాటలంటుంటే ఎందుకు ఊరుకున్నావ్?”

“మీరు చెప్తరని చూసిన.”

ఇందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది. బియ్యంలో రాయి ఏరి గోడవతలికి విసిరింది. తర్వాత అన్నది, ఆయనకు నా మీద కోపమొస్తే నాలుగు దినాలు అన్నం తక్కువ తింటడు, గంతే. మీ మీద కోపం పెట్టుకోను ఆయనకు చాతగాదు, మిమ్మల్ని అమ్మీ లెక్క చూసెటోడు, గది పెట్టుకోలేక మనిషి ఖరాబైతడు అని. అందుకని ఊరుకున్నదట.

నేను రోజూ అయిదు పూటలు నమాజుకు జానిమాజ్ పరుస్తాను. ఆమె హడావిడిలో రెండు పూటలు తప్పుతుంది. మొన్నటిదాకా దానికి లోపల్లోపల ఆమెను తక్కువ చేసేదాన్ని.

25 జూలై, శనివారం

జమీర్‌కు చెప్పాను. ప్రెస్సు నుంచి వచ్చి సిరా చేతులు కడుక్కుంటున్నాడు. విన్నాడు. సబ్బు చేతుల్లోనే ఉంది.

అజాన్‌కా అన్నాడు. అవునన్నాను. నాకే తెలువాలె, పుట్టినకాన్నుంచి చూస్తున్న కదా అన్నాడు. నవ్వినట్టే అనిపించింది. కాదు.

“డిస్కు పోతే పోనీ ఆపా. మార్కండేయ సగమో కొసనో తీస్తడు. పన్నెండు దినాలైంది నేను కుల్సుంతోని మాట్లాడక. గది ఎట్ల తీస్తవు నువ్వు?”

వాడి చేతుల మీద నీళ్ళు పోశాను. ముప్పై ఆరేళ్ళవాడు. అమ్మీ పురుళ్ళలో చివరిది కాకపోయినా అమ్మీ కడుపున చివరివాడు. వాడు పుట్టిన వరుస కూడా నేనే రాశాను. ‘ఆగి ఆగి ఏడ్చాడు.’

కాసేపటికి స్టూలు వేసుకుని బీరువా మీది మిక్సీ దింపాడు. దుమ్ము తుడిచాడు. వంటింట్లో పెట్టాడు. కుల్సుం దాన్ని ముట్టలేదు. రాత్రి చట్నీ రోట్లోదే.

27 జూలై, సోమవారం

రెండు రోజులుగా ఇన్‌స్టిట్యూట్‌కు కుల్సుం కూడా వస్తోంది. గట్టిగా చదివింది ఆమే కాబట్టి వరుసలు ఆమె చెవిలో ఉన్నాయి. నాకు ఇల్లు గుర్తొస్తే ఆమెకు తర్వాతి ఇల్లు గుర్తొస్తోంది. మొత్తం నూట యాభై ముక్కలు అతికాయి.

మార్కండేయ గారు బుధవారం సంగతి ఎత్తలేదు. మగ్రిబ్ కాగానే కుల్సుంకు ఒకటి చూపించారు. తెరకు వేరే బటన్ ఉంది. అది ఆపితే తెర ఒక్కటే ఆరుతుంది, లోపల పని నడుస్తూనే ఉంటుంది. చప్పుడు మాత్రం ఉంటది, గది దేవుడు మాఫ్ చేస్తడు లెండ్రి అన్నారు.

1961 ముక్క లేదు. 1960 చివర ఉంది. 1962 ఉంది.

రేపు పంచమి.

28 జూలై, మంగళవారం

పదకొండు గంటల బస్సుకు పెద్దవ్వ వచ్చింది. బడికి సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. కొంగున జొన్నపేలాలు, చేతిలో కర్ర. కర్ర ఈ ఏడు కొత్తగా. అరుగు మీద కూర్చుని కాళ్ళు చాపుకుంది. సిద్దిరాములు బిడ్డకు సంబంధం చూస్తున్నారనీ, పోచారం దిక్కు వానలు పడ్డాయనీ, మా దిక్కే మొగులు అట్లట్ల వచ్చి పోతున్నదనీ చెప్పింది. పేలాలు కుల్సుం చేతిలో పోసింది. తర్వాత నా దిక్కు తిరిగింది.

“ఏది, చదువు బిడ్డా.”

ఆమెకు అక్షరాలు రావు. బల్ల మీద మూడో తరగతి హాజరు పట్టీ ఉంది. అది పట్టుకుని చదివినా ఆమెకు తెలియదు. ఆ వరుస నాకు కంఠతా వచ్చు. పుస్తకం పోయిందని ఆమెకు చెప్పాల్సిన పనే లేదు, రేపో మాపో ముక్క దొరకవచ్చు. ఇవన్నీ నాకు ఆ ఒక్క క్షణంలో తోచాయి. కాదు, ముందటి రాత్రే తోచాయి. కుల్సుం గడపలో నిలబడి ఉంది. నన్నే చూస్తోంది.

హాజరు పట్టీ పక్కకు జరిపాను.

పుస్తకం లేదు పెద్దవ్వా అన్నాను. చెదలు పట్టిందనీ, కాలువలో వదిలాననీ, అందులోదంతా కంప్యూటర్‌లోకి ఎక్కించారనీ, ఆ కంప్యూటర్ పని చేస్తుంటే నేను బటన్ ఆపాననీ, ఆమె బిడ్డ ఉన్న కాగితం ఇంకా దొరకలేదనీ. ఎవరి మీదా పెట్టకుండా చెప్పాను.

కంప్యూటర్ ఏదని అడిగింది. ఖాళీ టేబుల్ చూపించాను. దాని దిక్కు చాలాసేపు చూసింది. నలుచదరం ఇప్పుడు లేదు, దుమ్ము అంతా ఒకటే అయింది.

తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. కర్ర అరుగుకు ఆనించి, కుల్సుంను నీళ్ళడిగి తాగింది. మూతి తుడుచుకుంది.

“కలం ఉన్నదా? రాసుకో.”

కొత్త నోటుపుస్తకం తెచ్చుకున్నాను. పైన బిస్మిల్లా రాశాను. ఆమె చెబుతుంటే రాశాను. ఎల్లారెడ్డి. పెద్దవ్వ. కవలలు. మొదట మగ, గట్టిగా ఏడ్చాడు. అమ్మీ మాటలే, అమ్మీ వరుసే, ఒక్క అక్షరం అటూ ఇటూ కాలేదు. తర్వాత ఆడ.

“రెండుసార్లు ఏడ్చింది.”

కలం ఆగింది. పుస్తకంలో ఒక్కసారే అని ఉండేది పెద్దవ్వా అన్నాను.

“ఎరుకనే బిడ్డా. ముప్పై ఏడేండ్ల సంది వింటున్న. నువ్వు ఒక్కసారి అని చదువుతవు. నేను కడుపుల రెండు అనుకుంట, లేచిపోత.”

అమ్మీ వేడినీళ్ళకు బయటికి పోయినప్పుడు ఇంకోసారి ఏడ్చిందట. చిన్నగా. గదిలో ఆమె ఒక్కతే ఉంది. పిల్లాడు పక్కన ఏడుస్తూనే ఉన్నాడు, వాడి గొంతులో కలిసిపోయింది గాని ఆమెకు తెలిసింది. అమ్మీ వచ్చేసరికి అంతా అయిపోయింది. అమ్మీ తను విన్నంతవరకే రాయించింది.

ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదు అని అడిగాను.

“రాసినాంక ఇగ ఏం చెప్పాలె. అదే ఖాయమైపాయె. ఇయ్యాల్ల లేదంటివి గదా, అందుకని చెప్తున్న.”

రెండుసార్లు ఏడ్చింది అని రాశాను. పొద్దెక్కక ముందే పోయింది అని రాశాను. మళ్ళీ చదివి వినిపించమంది. వినిపించాను. కళ్ళు మూసుకుని వింది. చివరి మాటకు తల ఊపింది. ఇన్నేళ్ళలో ఆమె తల ఊపడం నేను చూడలేదు.

కుల్సుం చాయ్ తెచ్చింది. తాగింది. సాసర్‌లో పోసుకుని, ఊదుకుంటూ, మొత్తం తాగింది.

31 జూలై, శుక్రవారం

జమీర్ కుల్సుంను నీళ్ళడిగాడు. నా దిక్కు చూడకుండా.

2 ఆగస్టు, ఆదివారం

ఉదయం నుంచి తల నొప్పి. ముక్కలు మూడు వందల పది. మిగిలినవి తెరుచుకోవడం లేదట. మార్కండేయ గారు కూడా అలిసిపోయారు, చెప్పరు గాని.

పెద్దవ్వ చెప్పినట్టే మిగతావాళ్ళను అడిగి రాసుకోవచ్చు కదా అన్నది కుల్సుం. ఎల్లారెడ్డిలో చాలామంది ఉన్నారు, దసరా సెలవులకు పోదాం ఆపా, మీకు ఇండ్లెరుక, నాకు వరుసలెరుక అన్నది. పోదామన్నాను. అచ్చు తీసేదాకా చేతిరాత కాపీ ఇంట్లో ఒకటి ఉంచాలని కూడా అన్నది. బిస్మిల్లా లోపల రాయొద్దు, అట్ట మీద ఒక్కచోట రాద్దాం, అప్పుడు చినిగిన కాగితం దాచుకోవచ్చు అన్నది.

ఇన్నేళ్ళు నాకు ఆ ఉపాయం తోచలేదు.

9 ఆగస్టు, ఆదివారం

కంప్యూటర్ ఇంటికి వచ్చింది. జమీర్ ఫ్లాపీల మీద రెండు కాపీలు తీసి, ఒకటి మార్కండేయ గారి బీరువాలో పెట్టించాడు.

సాయంత్రం, మార్కండేయ గారు ఎట్లాగో తెరిచిన చివరి విడత ముక్కలు చూస్తున్నాం. జమీర్ కొడుతున్నాడు, కుల్సుం చదువుతోంది, నేను వెనక కుర్చీలో. ఒక ముక్క తెరవగానే కుల్సుం గొంతు ఆగింది. 1961. ఎల్లారెడ్డి. పెద్దవ్వ. కవలలు.

‘ఒక్కసారి ఏడ్చింది.’

పద్దెనిమిదేళ్ళప్పటి నా మాట. దీపం పక్కన అమ్మీ చేతులు కడుక్కోవడం, నీళ్ళు పళ్ళెంలో పడిన చప్పుడు, అన్నీ గుర్తొచ్చాయి. అమ్మీ అబద్ధం చెప్పలేదు. తను విన్నది చెప్పింది.

జమీర్ వెనక్కి తిరిగాడు. ఏది ఉంచాలె ఆపా అని అడిగాడు.

అజాన్ మొదలయింది. నా చెయ్యి ఒడిలోంచి లేచింది. కుల్సుం ముందే తెర బటన్ నొక్కింది. గదిలో చీకటి పడింది. లోపల కంప్యూటర్ జుయ్యిమంటూనే ఉంది. ముగ్గురం కూర్చుని విన్నాం, అజాన్‌తో పాటు దాన్ని కూడా.

అయ్యాక కుల్సుం తెర వేసింది. ఆ వరుస అక్కడే ఉంది.

రెండు అని దిద్దమన్నాను.